ఫైల్లో వెతకాల్సిన తేదీ

కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు, సాయంత్రానికి సన్నటి జ్వరం, నెలనెలా తగ్గే బరువు. మన ఊళ్లలో ఈ లక్షణాలున్న మనిషి పెద్దాసుపత్రి గడప తొక్కేలోగా ఆయన జబ్బుకు నాలుగైదు పేర్లు పడతాయి. ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్, పక్క టౌన్లో అమీబియాసిస్, మరోచోట ఐబీఎస్, మోషన్‌లో రక్తం కనిపిస్తే మొలలు. చివరికి ఎవరో కొలనోస్కోపీ చేసి, చిన్నపేగు పెద్దపేగుతో కలిసేచోట పుళ్లు చూసి, పేగు టీబీ అని మందులు రాస్తారు. ఆరు నెలల కోర్సు తొమ్మిదికి, తొమ్మిది ఏడాదికి సాగుతుంది. ఒకరోజు పేగు మూసుకుపోతుంది. అర్ధరాత్రి ఆపరేషన్ చేసి తీసిన ముక్క ల్యాబుకు వెళ్తుంది. అక్కడి పెథాలజిస్టు రిపోర్టులో క్రోన్స్ జబ్బు అని రాస్తారు.

ఆ రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లో వాళ్లకు వచ్చే కోపం న్యాయమైనదే. చదువు ఆగిపోయిన పిల్లలు, ఉద్యోగం పోయిన మగవాళ్లు, అప్పులపాలైన కుటుంబాలు ఆ కోపం వెనకాల ఉంటాయి. అయితే పరిహారం కోరి బయల్దేరేవాళ్లు ముందుగా మనసుకు ఎక్కించుకోవాల్సిన సంగతి ఒకటుంది. జబ్బు పేరు తప్పుగా చెప్పినంత మాత్రాన చట్టం దాన్ని నిర్లక్ష్యం అనదు. తన అంచనా తప్పేమోనని డాక్టరుకు అనుమానం రావాల్సిన రోజున ఆయన ఏం చేశారని అడుగుతుంది. అలాంటి రోజు ప్రతి ఫైల్లోనూ ఉంటుంది. గెలిచే కేసుకూ ఓడే కేసుకూ తేడా చాలాసార్లు ఆ తేదీ దగ్గరే తేలిపోతుంది.

ఎందుకో తెలియాలంటే ముందు క్రోన్స్ జబ్బు సంగతి కొంత తెలియాలి. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రికి చెందిన బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఒపెన్‌హైమర్ అనే ముగ్గురు వైద్యులు చిన్నపేగు చివరిభాగానికి వచ్చే ఈ వాపును వివరిస్తూ పేపరు ప్రచురించారు. చాలాకాలం ఇది పాశ్చాత్యుల జబ్బనే పేరుతో ఉండిపోయింది. ఇప్పుడు మన దగ్గరా పెరుగుతోంది. నగరాల్లోనే కాకుండా తెలంగాణ పల్లెల్లో కూడా పేగుల వాపు జబ్బులు కనిపిస్తున్నాయని హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు తమ అధ్యయనంలో చెప్పారు.

మన దేశంలో ఉన్న చిక్కు టీబీతో. పేగు టీబీ, క్రోన్స్ రెండూ ఎక్కువగా ఒకేచోట వస్తాయి. రెండింట్లోనూ నొప్పి, జ్వరం, నీరసం, పుళ్లు, పేగు సన్నబడటం ఉంటాయి. బయాప్సీ చేస్తే రెండింట్లోనూ గ్రాన్యులోమాలు అనే కణాల ముద్దలు కనిపించవచ్చు. టీబీ క్రిమి దొరికితే సందేహం తీరుతుంది. కానీ నిజంగా టీబీ ఉన్నవాళ్లలో కూడా పేగు ముక్కలో క్రిమి చాలాసార్లు దొరకదు, జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష కూడా నెగెటివ్ రావచ్చు. పైగా పొరపాటు ఎటు జరిగినా ప్రమాదమే. టీబీ రోగికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తే టీబీ ఒళ్లంతా పాకవచ్చు. అందుకే తేల్చుకోలేని పరిస్థితుల్లో ముందు టీబీ మందులు ఇచ్చి చూడటం మన దేశంలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. ఆ మొదటి చీటీ రాసిన డాక్టరును వినియోగదారుల కమిషన్ ముందు తప్పుపట్టడం దాదాపు అసాధ్యం. నిజానికి అలా తప్పుపట్టడం న్యాయం కూడా కాదు.

ఇచ్చి చూడటం అన్నాక చూడటం కూడా వైద్యంలో భాగమే. టీబీ మందులు మొదలైన రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి పుళ్లు మానాయో లేదో చూడాలని మన దేశపు గ్యాస్ట్రోఎంటరాలజీ నిపుణులు చెబుతున్నారు. పేగు టీబీ అయితే పుళ్లు మానతాయి. మానకపోతే క్రోన్స్ అనో, మందులకు లొంగని టీబీ అనో అనుమానించి పరీక్షలు ముందుకు తీసుకెళ్లాలి. రోగికి కాస్త తెరిపిగా ఉంది కదా అని ఊరుకోవడానికి వీల్లేదు. క్రోన్స్ ఉన్నవాళ్లలో కొందరికి టీబీ మందులతో మొదట్లో జ్వరం, నొప్పి తగ్గినట్టే ఉంటుంది, లోపల పుళ్లు మాత్రం అలాగే ఉంటాయి. ఊపిరితిత్తుల్లో కాక ఇతర అవయవాల్లో వచ్చే టీబీకి 2016లో మన దేశం ప్రకటించిన ఇండెక్స్-టీబీ మార్గదర్శకాలు కడుపు టీబీకి చెప్పిన కోర్సు ఆరు నెలలే. మళ్లీ లోపల చూడకుండా, కారణం రాయకుండా కోర్సును తొమ్మిది నెలలకు, ఏడాదికి పొడిగించిన చీటీలు ఫైల్లో ఉంటే, బాధితుడి లాయరు మొదట అడగాల్సిన కాగితాలు అవే.

ఉదాహరణకు ఒక ఫైలును ఊహించుకుందాం. ప్లాస్టిక్ కవర్లో కుక్కిన ఓపీ చీటీలు, ఫార్మసీ బిల్లులు, రంగు వెలిసిన కొలనోస్కోపీ ఫొటోల కాగితం. మొదటి చీటీ మీద నర్సు రాసిన బరువు 61. రెండో నెలలో 57. నాలుగో నెలలో 52, కింద డాక్టరు దస్తూరీలో ‘కంటిన్యూ సేమ్’. హిమోగ్లోబిన్ పదకొండు నుంచి ఎనిమిదిన్నరకు పడింది. ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ పెరిగింది. ఆరో నెల చీటీ మీద మళ్లీ ‘కంటిన్యూ సేమ్’. రెండో కొలనోస్కోపీ రిపోర్టు ఎక్కడా లేదు. ఈ ఫైల్లో నాలుగో నెల చీటీ మీదున్న తేదీయే కేసుకు ప్రాణం. మందు పనిచేయడం లేదని ఆస్పత్రి తన చేత్తో తానే నమోదు చేసుకున్న రోజది. చాలామంది కుటుంబీకులు ఆపరేషన్ రిపోర్టు పట్టుకుని లాయరు దగ్గరకు పరిగెత్తి, బరువు రాసిన చీటీలను అటకమీద వదిలేస్తారు. అసలు సాక్ష్యం ఆ చీటీల్లోనే ఉంది.

పెద్దపేగు పూతగా వచ్చే అల్సరేటివ్ కొలైటిస్‌ది వేరే కథ. అక్కడ పొరపాటు మొలల దగ్గర జరుగుతుంది. రక్తం పడుతోందని వచ్చిన మనిషికి లోపల చూడకుండా మొలల ఆపరేషన్ చేసేస్తారు. మలద్వారం దగ్గర ఫిస్టులా మళ్లీ మళ్లీ తిరగబెడుతున్నా, దాని వెనక క్రోన్స్ ఉందేమోనని వెతకకుండా మళ్లీ మళ్లీ కోసేవాళ్లున్నారు. యువతులైతే ఐబీఎస్, టెన్షన్ అనే మాటలతో ఏళ్ల తరబడి తిరుగుతుంటారు. పేగులో వాపు ఉందో లేదో చెప్పడానికి కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష ఉంది. రక్తం పోతున్నా, బరువు తగ్గుతున్నా, రాత్రిపూట నిద్రలేపే విరేచనాలున్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదన్నది వైద్య విద్యార్థికి కూడా తెలిసిన పాఠమే. ఈ కేసుల్లోనూ వెతకాల్సింది అదే తేదీ. ఆ లక్షణం చీటీలోకి మొదటిసారి ఎప్పుడు ఎక్కింది, ఎక్కాక ఏం జరిగింది?

చట్టం దగ్గరకు వద్దాం. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వచ్చే సేవేనని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ఆస్పత్రి దాని కిందకు రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుంటూ మరికొందరికి ఉచితంగా చేస్తే, ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు బీమా కంపెనీ కట్టిందన్న కారణంతో హక్కు పోదు. పూర్తిగా ఉచిత ప్రభుత్వాసుపత్రి మీదైతే సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి.

2005లో జాకబ్ మాథ్యూ కేసులో కోర్టు గీసిన గీతను బాధితులు తప్పక తెలుసుకోవాలి. అంచనాలో పొరపాటు, అనుకోని దుర్ఘటన నిర్లక్ష్యం కావు. ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న వైద్యుడు పాటించే ప్రమాణాన్ని పాటించకపోతేనే నిర్లక్ష్యం. రెండు ఆమోదిత మార్గాల్లో డాక్టరు ఒకదాన్ని ఎంచుకుంటే, రెండోది మేలని మరో డాక్టరు చెప్పినా సరిపోదు. 2010 నాటి కుసుమ్ శర్మ కేసులో కుటుంబం అడిగింది 45 లక్షల రూపాయలు. ఎడ్రినల్ గ్రంథి మీద కణితి తీస్తుండగా పాంక్రియాస్ దెబ్బతిన్నదనీ, శరీరం ముందువైపు నుంచి కాక వెనకవైపు నుంచి కోయాల్సిందనీ వాదించింది. ఏ వైపు నుంచి కోయాలన్నది సర్జన్ నిర్ణయమని కోర్టు భావించింది. కుటుంబానికి ఏమీ రాలేదు. ‘టీబీ మందులు అసలు ఇవ్వాల్సింది కాదు’ అని ఫిర్యాదు రాసుకునేవాళ్లకు జరిగేది కూడా ఇదే.

అదే ఏడాది వచ్చిన హైదరాబాద్ కేసు చూస్తే రెండో వైపు అర్థమవుతుంది. వి.కిషన్‌రావు మలేరియా విభాగంలో అధికారి. 2002 జూలైలో జ్వరం, చలితో ఉన్న భార్యను నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్‌లో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. పరిస్థితి చేయిదాటుతుండగా మరో ఆస్పత్రికి తరలిస్తే, మలేరియా అని అక్కడి పరీక్షలో తేలింది. ఆమె బతకలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) రెండు లక్షల పరిహారం, కట్టిన డబ్బులో పదివేలు వాపసు ఇప్పించింది. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ ఆ తీర్పును కొట్టేసింది. జాతీయ కమిషన్ కూడా అదే మాట అంది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును మళ్లీ నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదనీ, కాగితాలు చూస్తేనే తేటతెల్లమయ్యే నిర్లక్ష్యానికి ఆ షరతు పెట్టకూడదనీ చెప్పింది. తప్పుడు నిర్ధారణ మీద పోరాడే ప్రతి తెలుగు కుటుంబానికీ ఈ తీర్పు అందుబాటులో ఉండాలి.

పేగు జబ్బుల కేసు మాత్రం మలేరియా కేసంత తేటగా ఉండదు. కాబట్టి నిపుణుడి అభిప్రాయం సంపాదించుకోవడమే క్షేమం. తోటి డాక్టరు మీద రాసివ్వడానికి చాలామంది జంకుతారు. ‘ఆయన చేసింది తప్పని రాసివ్వండి’ అంటే తలుపు మూసేస్తారు. అడిగే ప్రశ్నను మార్చాలి. ‘టీబీ మందులు వాడుతున్న రోగి నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గితే, ప్రామాణిక పద్ధతి ప్రకారం ఏ పరీక్షలు చేయాలి? అప్పుడే సరైన మందులు మొదలైతే పేగు సన్నబడకుండా ఆపే అవకాశం ఎంత?’ ఇందులో ఎవరి పేరూ లేదు. వేరే నగరంలోని గ్యాస్ట్రోఎంటరాలజిస్టులు, మెడికల్ కాలేజీల్లో పనిచేసి రిటైరైన ప్రొఫెసర్లు ఇలాంటి ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వడానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మొదటి బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకులు ల్యాబులో ఉంటే వాటిని తీసుకుని మరో పెథాలజిస్టుకు చూపించాలి. క్రోన్స్ ఛాయలు మొదటి ముక్కలోనే ఉన్నాయని తేలితే కేసు ఒక్కసారిగా బలపడుతుంది. లేవని తేలినా మంచిదే. దేనిమీద ఆధారపడకూడదో ముందే తెలిసిపోతుంది.

వీటన్నిటికీ ముందు ఫైలు చేతికి రావాలి. ఈ పనిని రేపటికి వాయిదా వేయకూడదు. రోగిగానీ ఆయన అనుమతి ఉన్న మనిషిగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నియమావళి చెబుతోంది. ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్లపాటు ఉంచాలన్నది కూడా అందులోనే ఉంది. అంటే ఆలస్యం చేసేకొద్దీ కాగితాలు మాయమయ్యే ప్రమాదం పెరుగుతుంది. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపిస్తే సరిపోదు. కేస్ షీటు, నర్సుల చార్టు, డాక్టర్ల రోజువారీ నోట్సు, కొలనోస్కోపీ ఫొటోలు, సీటీ ఫిల్ములు లేదా సీడీ, సంతకాలు పెట్టించుకున్న అంగీకార పత్రాలు, ఇవన్నీ పేరుపేరునా రాసి అడగాలి. నోటితో అడిగి ఊరుకోకుండా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ఆస్పత్రి ముద్ర వేయించుకోవాలి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ప్రభుత్వాసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం ఉంది. ఈ దశలో కోపంగా మాట్లాడాల్సిన పనీ, కేసు వేస్తామని బెదిరించాల్సిన పనీ లేదు. మరో డాక్టరుకు చూపించుకోవడానికి కావాలని రాస్తే చాలు, అది నిజం కూడా.

ఫైలు వచ్చాక ఒక పొడవాటి నోటుబుక్కులో తేదీలవారీగా రాసుకోవాలి. ఏ రోజు ఎవరు చూశారు, రోగి ఏం చెప్పుకున్నాడు, ఏ పరీక్ష చేశారు, ఏ మందు రాశారు, బరువెంత. తనకు వ్యతిరేకంగా ఉన్న సంగతులు కూడా అందులో ఉండాలి. మధ్యలో నెలరోజులు మందులు మానేసినా, నాటువైద్యం వాడినా, రమ్మన్న తేదీకి వెళ్లకపోయినా రాయాలి. ఎదుటి లాయరు మొదట పట్టుకునేది వీటినే. రోగి దాచిపెట్టిన విషయం క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు. మందులు క్రమం తప్పకుండా వాడినవాళ్లకు నెలవారీ ఫార్మసీ బిల్లులే పెద్ద దిక్కు.

గడువు విషయంలో ఎంత హెచ్చరించినా తక్కువే. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు కమిషన్‌కు వెళ్లాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 69వ సెక్షన్ చెబుతోంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు, మన్నిస్తారన్న హామీ మాత్రం లేదు. గోవా ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒకామెకు 1993లో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ జరిగింది. తర్వాత ఏళ్లకేళ్లు కడుపునొప్పి. 2002లో మరోసారి ఆపరేషన్ చేస్తే కడుపులో వదిలేసిన గాజుగుడ్డ బయటపడింది. ఆమె 2004లో ఫిర్యాదు వేశారు. డాక్టర్ వి.ఎన్.శ్రీఖండే కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో 2010లో సుప్రీంకోర్టు గడువు దాటిందంటూ ఫిర్యాదును కొట్టేసింది. తొమ్మిదేళ్లపాటు నొప్పి ఉన్నప్పుడు, స్వయంగా నర్సు అయిన మనిషి కారణం కనుక్కోవాల్సిందన్నది కోర్టు అభిప్రాయం. ఈ తీర్పు చదివితే మనసు చివుక్కుమంటుంది. అయినా చట్టం నడిచే తీరు అది. క్రోన్స్ అని తేలిన రోజు నుంచి రెండేళ్లున్నాయి కదా అని ధీమాగా ఉండటం కూడా క్షేమం కాదు. తెలుసుకోగలిగిన రోజు అంతకంటే ముందే ఉందని ఎదుటిపక్షం వాదిస్తుంది. తేలిన కొద్ది నెలల్లోనే కదలడం మేలు.

ఎక్కడ వేయాలి, ఎంత కట్టాలి? ఇప్పటి నిబంధనల ప్రకారం లెక్కలోకి వచ్చేది వైద్యానికి రోగి కట్టిన డబ్బు. అడిగే పరిహారం ఎంతన్నదానికి దీనితో సంబంధం లేదు. కట్టింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. 5 లక్షల లోపు బిల్లులైతే ఫీజు లేదు. మూడు లక్షల బిల్లు కట్టి ముప్పై లక్షల పరిహారం అడిగే మనిషి జిల్లా కమిషన్‌లోనే ఫీజు లేకుండా ఫిర్యాదు వేయవచ్చు. 2019 చట్టం ఇచ్చిన ఇంకో వెసులుబాటు, రోగి తాను నివసించే ఊరి జిల్లాలోనే వేయడం. హైదరాబాద్ ఆస్పత్రి మీద శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలోనే కేసు నడుపుకోవచ్చు. నీరసంతో, రోజుకు పదిసార్లు బాత్రూముకు పరిగెత్తే మనిషికి ఇది చిన్న ఊరట కాదు. ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. సందేహాలుంటే 1915 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. లాయరు తప్పనిసరి కాదు గానీ, వైద్య కేసుల్లో అనుభవమున్నవాళ్లు ఉంటేనే నయం. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును అడగవచ్చు.

ప్రతివాదుల్లో ఆస్పత్రిని తప్పక చేర్చాలి. సవితా గర్గ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, ఫలానా డాక్టరును చేర్చలేదన్న సాకుతో ఫిర్యాదును కొట్టేయకూడదు, తగిన జాగ్రత్తతో చూశామని ఆస్పత్రే నిరూపించుకోవాలి. నోటీసు అందిన ప్రతివాది 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. ఆ తర్వాత మాత్రం చట్టం ఆశించిన మూడు నెలల్లోనో ఐదు నెలల్లోనో కేసు ముగుస్తుందని లెక్కలు వేసుకోవద్దు. అప్పీళ్లతో కలిపి ఏళ్లు పట్టవచ్చు. మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే డాక్టరు మీద క్రమశిక్షణ చర్య ఉంటుంది, బాధితుడి చేతికి డబ్బు రాదు. పోలీసు కేసు పెడితే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదని చూపాలి. పేగు జబ్బు ఆలస్యంగా కనిపెట్టిన కేసుల్లో ఆ దారి ఎక్కువసార్లు శ్రమ దండగే.

ఇక ఎంత అడగాలన్నది. ఇక్కడే చాలా ఫిర్యాదులు బలహీనపడతాయి. క్రోన్స్ జీవితకాలపు జబ్బు, అది డాక్టరు తెచ్చిపెట్టింది కాదు. మొదటి రోజే కనిపెట్టినా మందులు, పరీక్షలు, సెలవులు తప్పేవి కావు. ఎదుటి లాయరు ఇదే చెబుతాడు, చెప్పడంలో న్యాయం ఉంది కూడా. కాబట్టి నష్టాన్ని రెండు కుప్పలుగా విడదీయాలి. జబ్బు వల్ల ఎలాగూ వచ్చేది ఒకటి, ఫైల్లో ఆ తేదీ దాటాక అదనంగా వచ్చింది రెండోది. పరిహారం రెండోదానికే. ఆ తేదీ తర్వాత కూడా మింగించిన టీబీ మాత్రలతో కాలేయం దెబ్బతింటే, ఎథాంబ్యుటాల్ వల్ల చూపు మందగిస్తే అది నేరుగా రెండో కుప్పలోకి వస్తుంది. సన్నబడిన పేగును కోసి తీసేయాల్సిరావడం ఆ కుప్పలోకి రావచ్చు, రాకపోవచ్చు. అక్కడే నిపుణుడి మాట కావాలి. పోయిన జీతానికి కంపెనీ ఉత్తరం, ఆగిన చదువుకు కాలేజీ సర్టిఫికెట్, తోడున్న తల్లి కోల్పోయిన కూలికి కూడా లెక్క రాయాలి. ముందుముందు అయ్యే ఖర్చుకు ఇప్పటి డాక్టరు చేత అంచనా రాయించుకోవాలి.

పెద్ద మొత్తాలు రాని పరిస్థితేమీ లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో ప్రశాంత్ ధనంక అనే ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలోని కణితికి ఆపరేషన్ జరిగింది. వెన్నుపాముకు సంబంధించిన ముప్పు ఉన్నా న్యూరోసర్జన్‌ను పిలవలేదు. లేచేసరికి నడుము కింద చచ్చుబడిపోయింది. 1999లో జాతీయ కమిషన్ ఇచ్చింది 15.5 లక్షలు. ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించారు. 2009 మే 14న కోర్టు కోటి రూపాయలు, దానిమీద వడ్డీ ఇప్పించింది. ఆ తీర్పులో బాధితులకు పనికొచ్చేది కోటి అన్న అంకె కంటే దాని వెనకున్న లెక్క. జీవితాంతం అవసరమయ్యే నర్సు, మందులు, ఫిజియోథెరపీ, పోయిన సంపాదన, ఇలా విడివిడిగా చూసి కలిపారు. కోల్‌కతాలోని ఆమ్రి ఆస్పత్రి కేసులో 2013లో 5.96 కోట్లు వచ్చాయి. అయితే ఆ కేసుకు కారణమైన రోగి మరణం 1998 నాటిది.

కేసు నడుస్తుండగానో, అంతకుముందే లీగల్ నోటీసు అందగానో ఆస్పత్రి రాజీకి రావచ్చు. డాక్టరుకు బీమా ఉంటే బీమా కంపెనీయే కబురు పంపుతుంది. కమిషన్ కూడా మధ్యవర్తిత్వానికి పంపవచ్చు. రాజీ అవమానమేమీ కాదు. జబ్బు మనిషికి ఏళ్ల తరబడి వాయిదాలు తిరగడం ఎంత భారమో ఇంట్లోవాళ్లకు తెలుసు. సంతకం పెట్టేముందు మాత్రం ఒప్పందంలోని ఒక్కో వాక్యం చదివించుకోవాలి. ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ ఉండదు’ అన్న వాక్యం దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. అది ఉన్నప్పుడు, రేపు రెండో ఆపరేషన్ అవసరమైనా, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి ఖరీదైన ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి వాడాల్సివచ్చినా మళ్లీ అడగడానికి వీలుండదు. కాబట్టి ఆ ఖర్చుల అంచనా ఇప్పటి డాక్టరు లెటర్‌హెడ్ మీద ముందే రాయించుకుని, రాజీ మొత్తాన్ని దాని పక్కన పెట్టి చూడాలి. డబ్బు ఎన్ని వాయిదాల్లో ఏ తేదీకల్లా ఇస్తారో, తప్పితే వడ్డీ ఎంతో ఒప్పందంలో ఉండాలి. కేసు కమిషన్‌లో ఉంటే రాజీ పత్రాన్ని అక్కడ దాఖలు చేసి ఉత్తర్వుగా రాయించుకోవాలి. అలా రాయించుకుంటే డబ్బు ఆగినప్పుడు కొత్త కేసు వేయనక్కర్లేదు, అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేసుకోవచ్చు.